గోడవైపు తిరిగిన చీర

కర్నూలు పాత కచేరీ మేడలో పెట్టిన చేనేత మ్యూజియంలో పొద్దున్నే జరగాల్సిన పనులు నాలుగు. గేటు తాళం తీయడం, వసారా ఊడ్చడం, బల్లల మీద దుమ్ము తుడవడం, చీరను తిప్పడం. నాలుగూ గిడ్డమ్మ పనులే. ఇప్పటి అధికారి హేమావతికి ముందు ఇక్కడ పనిచేసినాయన పద్ధతి గల మనిషి. పోతూ పోతూ వీటన్నిటికీ ఒక పట్టిక రాయించి గోడకు అంటించి పోయాడు. అందులో నాలుగో వరుస ఇలా ఉంటుంది: చీర తిప్పుట, గిడ్డమ్మ, తొమ్మిది నలభై.

అది నేరేడు పండు రంగు నూలు చీర. చిలకపచ్చ అంచు, అంచులో వేలెడంత కోవెల గోపురాలు. నడిమి హాలులో అద్దాల బీరువాలో కర్రకు వేలాడుతూ ఉంటుంది. సాయంత్రం తాళం వేసే దాకా జనం వైపే ముఖం పెట్టుకుని ఉంటుంది. తెల్లారి వచ్చి చూస్తే గోడవైపు తిరిగి ఉంటుంది. ఎండాకాలమైనా, వానాకాలమైనా అంతే. గిడ్డమ్మ బీరువా తాళం తీసి, చీరను రెండు చేతులా పట్టి ఇటు తిప్పుతుంది.

"ఏమమ్మా, ఈ పొద్దు గూడా అలిగినావా? రా, ఇట్ల తిరుగు. బడి పిల్లోళ్ళు వస్తారంట" అంటుంది.

అంత పెద్ద విషయమా అని ఎవరూ అనుకోలేదు. కొన్ని గడియారాలు వెనక పడతాయి, కొన్ని తలుపులు వానకు బిగుస్తాయి, ఈ చీర గోడకు తిరుగుతుంది. ఆదోని నుంచి ఒకసారి తనిఖీకి వచ్చినాయన కూడా చూసి, "తాళం చెవులు రెండు జతలు పెట్టుకోండి, పనికొస్తాయి" అని మాత్రం చెప్పి పోయాడు.

చీర కింద అట్టముక్క మీద రాసి ఉంటుంది: కాశన్న నేసిన చీర, రాష్ట్ర స్థాయి బహుమతి పొందినది.

ఆ కాశన్న అక్కడే, బీరువాకు పది అడుగుల దూరంలో, చిన్న మగ్గం ముందు కూచుని ఉంటాడు. అరవయ్యేళ్ళ మనిషి. వచ్చినవాళ్ళకు నేత ఎలా ఉంటుందో చూపించడం ఆయన ఉద్యోగం. 'బహుమతి గ్రహీత' అని చొక్కాకు బిళ్ళ కూడా ఉంది. అందరూ చీరను చూసి ఆయన్ను చూస్తారు. ఆయన మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బీరువా వైపు తిన్నగా చూడలేదు. గిడ్డమ్మ చీరతో మాట్లాడే వేళకు ఆయనకు ఎప్పుడూ దారం తెగుతుంది, తల వంచుకుని అతుక్కుంటూ ఉంటాడు.

చీర ఎందుకు తిరుగుతుందో ఊరంతటిలోనూ ఆయనొక్కడికే తెలుసు.

హేమావతి మైదుకూరు పిల్ల, చదువుకున్నది, కళ్ళున్నది. చేరిన వారానికే ఒక మాట అడిగింది.

"కాశన్నగారూ, ఈ కొంగు కుచ్చులన్నీ ఎడమవైపు మెలి తిరిగి ఉండాయే. మీది కుడిచేతి వాటం కదా?"

"అప్పట్లో అట్లనే ఏస్తాంటిమి మేడమ్" అన్నాడు కాశన్న. చెవుల దాకా ఎర్రబడింది ముఖం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు రెండూ పంచె మీద తుడుచుకున్నాడు.

జరిగిందేమంటే, ఇరవై నాలుగేళ్ళ కిందట కాశన్న ఇంట్లో రెండు గుంటమగ్గాలు ఉండేవి. ఒకటి ఆయనది. రెండోదాని మీద ఆయన అక్క గంగాదేవి నేసేది. మొగుడు వదిలేస్తే ఐదేళ్ళ కొడుకును చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన మనిషి. ఎడమచేతి వాటం. ఎడమచేత్తో అన్నం పెడుతుందని పెళ్ళిళ్ళలో వడ్డనకు పిలిచేవాళ్ళు కాదు గానీ, ఆ చేత్తో ఆమె దారపు నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసిరితే చూసేవాళ్ళు పనులు మరిచిపోయేవాళ్ళు. అమ్మ చిన్నతనంలోనే పోతే, కాశన్నకు ఎనిమిదేళ్ళప్పుడు దారం చుట్టడం దగ్గర నుంచి నేత మొత్తం నేర్పింది ఆమే.

ఆ నేరేడు చీరను ఆమె నాలుగు నెలలు నేసింది. పోటీకి చీరలు చూడ్డానికి వచ్చిన గుమాస్తా, "ఈ మగ్గం ఎవరిది?" అని అడిగాడు. కాశన్న "నాదే" అన్నాడు. అబద్ధం కాదు, మగ్గం ఆయన పేరు మీదే ఉంది. చీర ఎవరు నేశారని గుమాస్తా అడగలేదు, ఈయన చెప్పలేదు. బహుమతి వచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చింది. శాలువా కప్పారు, ఫోటో తీశారు, ట్రాక్టరు మీద ఊరేగించారు. శాలువాతో ఇంటికి వస్తే అక్క గడప దగ్గర నిలబడి, "అన్నం తింటావా?" అంది. అంతే. ఆ పూటా, ఆ తరవాతా ఆ ఊసే ఎత్తలేదు.

తిట్టి ఉంటే కాశన్న బతికిపోయేవాడు. తిట్టకపోయేసరికి ఆమె ముఖం చూడ్డం ఆయనకు చేత కాలేదు. తప్పు చేసినవాడికే కోపం ఎక్కువంటారు. కూరలో ఉప్పు తక్కువైందని, పిల్లవాడు అల్లరి చేస్తున్నాడని, నీళ్ళు ఒలికాయని రోజూ ఏదో ఒక వంక పెట్టి విసుక్కునేవాడు. ఏడాది తిరక్కముందే గంగాదేవి కొడుకును తీసుకుని బేతంచెర్లకు వెళ్ళిపోయింది, బండలు పాలిషు చేసే పనికి. ఈయన ఆపలేదు. ఆ తరవాత ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. మేనల్లుడి పెళ్ళి పత్రిక వస్తే పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆమె మగ్గం మీద మళ్ళీ ఎవరూ కూచోలేదు. మ్యూజియం పెడుతున్నారంటే ఆ మగ్గాన్ని, దానితో పాటే ఆ చీరనూ ఇచ్చేశాడు, కంటికి దూరంగా పోతాయని. ఇచ్చాక ఆయన్నే పిలిచి ఆ చీర పక్కనే ఉద్యోగం ఇచ్చారు.

మ్యూజియానికి జనం రావడం లేదన్నది హేమావతి బాధ. బడి పిల్లలు వరుసగా వచ్చి వరుసగా పోతారు. పక్క వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకు కూడా లోపల ఏముందో తెలీదు. అద్దం అవతల పెట్టిన దాన్ని జనం చూస్తారేగానీ తమదనుకోరని ఆమె వాదన. ఒకరోజు కాశన్నను, గిడ్డమ్మను కూచోబెట్టి చెప్పింది.

"వసారాలో గుంట తవ్వించి పాత మగ్గాన్ని దించుదాం. కొత్త పడుగును ఊరివాళ్ళ చేతే అతికిద్దాం. రెండు వేల పోగులు. మనిషికి పది. అతికినవాళ్ళ పేర్లన్నీ పుస్తకంలో రాద్దాం. ఆ తరవాత ఎవరొచ్చినా జానెడు నేసి పోవచ్చు. బట్ట అందరిదీ అవుతుంది."

నేత ఇళ్ళలో పాత బట్ట అయిపోగానే నిలువు పోగుల పడుగు మొత్తం కోసేయరు. మూరెడు పోగులు మగ్గం మీదే వదులుతారు. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఆ పాత పోగు కొసకు, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలివేసి అతుకుతారు. పాత పోగు ముందు నడిస్తేనే కొత్త పోగుకు దారి తెలిసేది.

కాశన్న చేతిలోని దారం పక్కన పెట్టాడు. "ఆ మగ్గం వద్దు మేడమ్. చెద పట్టింటాది."

పట్టలేదు. గోదాములోంచి తీయించి గోనెపట్టా విప్పితే మగ్గం నిక్షేపంగా ఉంది. దాని మీద మూరెడు పొడవున నేరేడు రంగు పోగులు, ఇరవై మూడేళ్ళ కిందట గంగాదేవి వదిలి వెళ్ళినవి, నిన్న వదిలినంత బిగువుగా ఉన్నాయి. "ఎంత బాగుండాయో చూడండి, వీటికే అతికిద్దాం" అని హేమావతి మురిసిపోయింది. కాశన్న గోనెపట్టా మడిచి పక్కన పెట్టాడు.

వసారాలో పరిచింది బేతంచెర్ల బండ. గుంట తవ్వాలంటే నాలుగు బండలు లేపాలి. అందుకు బేతంచెర్ల నుంచే ఒక మేస్త్రీ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మోచేతుల దాకా తెల్లటి రాతిపొడి. హేమావతి పేరడిగితే, "భూపేష్ మేడమ్" అన్నాడు.

ఆ పేరు పెట్టిన రోజు ఉయ్యాల కట్టింది కాశన్నే. బండ అంచు కోస్తున్న ఆ కుర్ర మేస్త్రీ పక్కకు మెల్లగా వెళ్ళి నిలబడ్డాడు.

"మీయమ్మ ఎట్లుండాదప్పా?"

భూపేష్ మిషను ఆపి తలెత్తాడు. "మాయమ్మ నీకు తెలుసునా పెద్దాయనా?"

ఒక్క మాట. మేనమామను అని ఒక్క మాట అంటే చాలు.

"లేదప్పా. ఊరికే అడిగినా."

"బాగుండాదిలే. ముందు మాదిరి బండల పనికి పోలేదు. మోకాళ్ళు నొస్తాండాయి. ఒకప్పుడు మగ్గం నేస్తాన్నింది మాయమ్మ. ఈడ మగ్గం పెడ్తాండారని చెప్తే ఇనేకి శానా ఇష్టపడతాది."

"అయితే ఆమెను కూడా తీసుకురా భూపేష్, ఆదివారం" అంది హేమావతి అటు నుంచి వస్తూ. "నలుగురినీ తీసుకురా."

కాశన్న తేలు కుట్టిన దొంగ మాదిరి వెళ్ళి తన చిన్న మగ్గం వెనక కూచున్నాడు. తనను చూస్తే తనకే అసహ్యం వేసింది. ఇంత వయసొచ్చి, రక్తసంబంధం ఎదురుగా నిలబడితే తెలీదని చెప్పే నాలుకను ఏం చేసుకోవాలి!

ఆదివారం పొద్దున గిడ్డమ్మ చీరను తిప్పి, బీరువా తుడిచి, తొమ్మిది నలభై ఐదుకల్లా వసారాలో చాపలు వేసేసింది. హేమావతి ఆటోకు మైకు కట్టించి మూడు రోజులు ఊరంతా తిప్పింది. అయినా ఎవరొస్తారులే అనుకున్నారు. పదిన్నరకల్లా చెప్పులు మెట్ల కిందికి పాకాయి. కూరగాయల మార్కెట్టు ఆడవాళ్ళు, పాతబస్తీ నుంచి బుర్ఖాల్లో వచ్చిన తల్లీకూతుళ్ళు, కోడుమూరు నుంచి నేతపని మానేసిన ముసలివాళ్ళు, బ్యాంకులో పనిచేసే ఆయన, ఆయనకు ఎదురుగా ఆయన బ్యాంకు ముందు మిరపకాయ బజ్జీలు వేసే ఆమె. పడుగుకు అటొకరు ఇటొకరు కూచుని అతకాలి. ఒకరు పోగు పట్టుకుంటేగానీ ఇంకొకరికి మెలి పడదు. పదేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పేర్లు తెలీనివాళ్ళు, పది పోగులయ్యేసరికి మీ ఊరేది, నీ బిడ్డలెందరు అనే దాకా వచ్చారు.

"సారూ, లాగొద్దు. తెగుతాది" అంది బజ్జీలామె బ్యాంకాయనతో. ఆయన బుద్ధిగా సరే అన్నాడు.

పేర్లు రాసే పుస్తకం కాశన్న ముందు ఉంది. తలెత్తకుండా చేసే పని కాబట్టి తనే అడిగి తీసుకున్నాడు.

పన్నెండు దాటాక మెట్ల మీద గొంతు వినపడింది. "నిదానంగా రామ్మా." భూపేష్ గొంతు. కాశన్న కళ్ళు పుస్తకంలోనే ఉన్నాయి గానీ, ఆ వెనకే వచ్చిన నడక చప్పుడు తెలియకపోవడమేమిటి. జుట్టు తెల్లబడింది, నడుము కొంచెం వంగింది. చేతులు రాతిపొడికి గరుకెక్కి పగిలాయి. గంగాదేవి నలుగురు బండలపని ఆడవాళ్ళతో వచ్చి మగ్గం ముందు కూచుంది. ఎడమచేతి వేళ్ళకు బూడిద అద్దుకుంది. పాత పోగును పట్టుకుంది.

పట్టుకుని అలా ఉండిపోయింది. ఎవరి పోగో వేళ్ళకు తెలిసిపోయింది. మగ్గం కొయ్య మీద చెయ్యి పెట్టి ఒకసారి ఇటూ అటూ నిమిరింది. తరవాత అతకడం మొదలుపెట్టింది. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి, నలభై అయ్యాయి. చాలని ఎవరూ అనలేదు. ఆ వేళ్ళు పోతుంటే అందరూ తమ పోగులు వదిలేసి చూస్తున్నారు.

హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అద్దాల బీరువాలో చీర, తాళం వేసింది వేసినట్టే ఉండగా, కర్ర మీద మెల్లగా కదిలింది. గోడవైపు పోలేదు. వసారా వైపు, మగ్గం ముందు కూచున్న మనిషి వైపు తిరిగి నిలబడింది.

"ఓ సారూ, రోంత పక్కకు జరుగు, అద్దానికి అడ్డముండావు. చీర తిరుగుతాంది" అంది గిడ్డమ్మ. బ్యాంకాయన జరిగాడు. అందరూ మళ్ళీ తమ పోగుల్లో పడ్డారు.

కాశన్న పెన్ను పక్కన పెట్టాడు. ఎవరైనా అడుగుతారని చూశాడు. ఎందుకు తిరిగింది, అటే ఎందుకు తిరిగింది అని ఒక్కరైనా అడిగితే చెప్పేద్దామనుకున్నాడు. ఒక్కరూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళ కిందట గుమాస్తా కూడా అడగలేదు. అడగకపోతే చెప్పకుండా ఉండటం ఎంత సులువో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

గంగాదేవి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, పుస్తకం ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కాళ్ళు కనపడుతున్నాయి కాశన్నకు. పగిలిన మడమలు, రబ్బరు చెప్పుల గుర్తులు. తలెత్తాలి. అక్కా అనాలి.

"పేరు చెప్పమ్మా" అన్నాడు తల వంచుకునే.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని వినేసరికి ప్రాణం చచ్చిపోయింది.

"గంగాదేవి" అందామె. "సరిగ్గా రాయి పెద్దాయనా."

సొంత అక్క, తనకు నడక నేర్పిన మనిషి, ఊరివాళ్ళను పిలిచినట్టు పెద్దాయనా అని పిలిచింది. ఆయన ఇచ్చినదాన్నే తిరిగి ఆయన చేతిలో పెట్టి, నీళ్ళు తాగడానికి కుండ దగ్గరికి వెళ్ళిపోయింది.

కాశన్న రాశాడు. గంగాదేవి. వంకర పోయినా సరిగ్గానే రాశాడు. ఆ పేరును తన చేత్తో రాయడం జీవితంలో అదే మొదలు. కాసేపు దాన్నే చూశాడు. బేతంచెర్ల బస్సు రెండింటికి. ఇవాళ పోతే ఆమె మళ్ళీ రాదు. పెన్ను పట్టుకుని లేచాడు.

"గిడ్డమ్మా, తాళం చెవి ఇయ్యి."

"ఏంటికప్పా? చీర బాగనే ఉండాది కదా."

"చీర బాగనే ఉండాది. అట్ట తప్పు."

బీరువా తీసి అట్టముక్కను బయటికి తీశాడు. తన పేరు మీద గీత కొట్టాడు. పైన గంగాదేవి అని రాశాడు. ఇక అక్కడితో పెట్టేసి వచ్చి కూచోవచ్చు. కాళ్ళు అటే లాగాయి. కానీ అట్టను అలాగే పట్టుకుని వసారా గడప మీదికి వచ్చాడు.

"అందరూ ఒక మాట ఇనండప్పా" అన్నాడు. అతకడంలో పడి ఎవరూ వినలేదు. మళ్ళీ అన్నాడు. "ఆ చీర నేను నేయలేదు. ఒక్క పోగు గూడా ఏయలేదు. మా అక్క నేసింది. ఇదో, ఈ మగ్గం మీద. మీరందరూ పొద్దున్నుంచి అతుకుతాండేది ఆమె పోగులకే. ఆడ కుండకాడ నిలబడుకోనుండాదే, ఆయమ్మే. నేను ఆమె పేరు తిన్యా. ఇప్పుడు గూడా, ఎదురుగా నిలబడితే, పేరేందని అడిగినా."

చీర దానంతటది తిరిగితే నోరు మెదపని జనం, ఒక మగమనిషి తప్పు ఒప్పుకునేసరికి నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఇలాంటిది కోడుమూరు ముసలివాళ్ళు కూడా ఎప్పుడూ చూడలేదట. భూపేష్ ఒకసారి తల్లిని, ఒకసారి ఈయన్ను చూశాడు. పాతబస్తీ పెద్దామె ఒకతి, "యా అల్లా" అని మెల్లగా అంది.

గంగాదేవి గ్లాసు కడిగి కుండ మీద బోర్లించింది. ఏడవలేదు. తమ్ముడి వైపు చూడలేదు.

"బస్సుకు టైమైంది భూపేషూ" అని మెట్లు దిగింది.

ఆ తరవాత జరగాల్సినవి జరిగాయి. హేమావతి పైవాళ్ళకు ఉత్తరం రాసింది. కాశన్న తన చొక్కా బిళ్ళను తనే తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. టీ అంగడి దగ్గర ఆయన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు కొందరు, వినపడేలా మొదలుపెట్టేవాళ్ళు కొందరు. సిగ్గు తగ్గలేదు. కానీ ఇన్నేళ్ళూ లోపల ఒక్కడే మోసిన సిగ్గు, ఇప్పుడు పదిమందిలో పెట్టుకుని నడుస్తున్నాడు. తల దించుకునే నడుస్తున్నాడు, అయినా నడుస్తున్నాడు.

సోమవారం తొమ్మిది నలభైకి గిడ్డమ్మ తాళం చెవితో బీరువా దగ్గరికి వెళ్ళింది. చీర జనం వైపే ఉంది. మంగళవారమూ అంతే. బుధవారం హేమావతి పట్టికలో నాలుగో వరుస కొట్టేసింది. మిగిలిన ఆ పది నిమిషాలు ఏం చేయాలో తోచక గిడ్డమ్మ వక్కాకు వేసుకోవడం మొదలుపెట్టింది.

హేమావతి రెండుసార్లు బేతంచెర్ల వెళ్ళింది. రెండోసారి బజ్జీలామెనూ, పాతబస్తీ పెద్దామెనూ, బ్యాంకాయన్ను కూడా వెంటేసుకుని పోయింది. మీరు అతికిన పోగులు మేం నేయలేకున్నాం, మీరే వచ్చి కూచోవాలని వాళ్ళు అడిగారట. పదకొండో రోజున గంగాదేవి వచ్చి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది. ఆ సీటు, కాశన్న చేసిన ఉద్యోగం ఆమెవయ్యాయి. వచ్చినవాళ్ళు జానెడు జానెడు నేస్తుంటే ఎడమచేత్తో వాళ్ళ చేతులు సరిచేసేది.

కాశన్న కూడా వస్తాడు. ఉద్యోగం లేదు, రమ్మన్నవాళ్ళూ లేరు. వసారా మూలన రాట్నం పెట్టుకుని, నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతూ కూచుంటాడు. నేత ఇళ్ళలో చిన్నపిల్లలకు మొట్టమొదట చెప్పే పని అది. గంగాదేవి ఆయనతో మాట్లాడదు. దారం అయిపోతే వెనక్కి చూడకుండా ఎడమచెయ్యి చాపుతుంది. ఆయన కండె అందిస్తాడు. వారం రోజులు అలాగే గడిచింది.

ఎనిమిదో రోజున ఆమె కండెను అందుకుని, బొటనవేలితో నొక్కి చూసి, తిరిగి వెనక్కి చాపింది.

"వదులుగా ఉండాది కాశీ. మళ్ళీ చుట్టు."

ఎనిమిదేళ్ళప్పుడు, మొదటి కండె తీసుకుపోయి చూపిస్తే, ఇదే గొంతుతో ఇదే మాట అంది. కాశన్నకు కళ్ళు మసకబారి దారం కొస కనపడలేదు. తడుముకుని పట్టుకున్నాడు.

"సరే అక్కా" అని, కండె మొత్తం విప్పి, మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.